తలుపు మీద పదకొండు పేర్లు

మా పిన్ని కాపలా గది ఎంత చిన్నదంటే, చారు తాగేటప్పుడు ఒకరు చెంచా ఎత్తితే రెండోవాళ్ళు దించాలి. ఇద్దరం ఒకేసారి ఎత్తితే మోచేతులు తగిలి చారు గోడ పాలయ్యేది. పారిస్‌లో బియేవ్ర్ ఏటి ఒడ్డున, తోళ్ళు శుభ్రం చేసేవాళ్ళ వీధిలో నాలుగంతస్తుల ఇల్లు అది. ఆ ఏటి వాసన సంగతి చెబితే మీరు నమ్మరు. దాని మీదుగా ఎగిరిన పిచ్చుకలు మూర్ఛపోయి మా పొగగొట్టంలో పడేవి. రోజుకి మూడు. పండగరోజైతే ఐదు.

నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. పికార్డీలో మా పల్లె వదిలి వచ్చి మూడు నెలలే అయింది. ఇంటి తలుపు కాపలా మా పిన్ని పెత్రొనీల్‌ది. పాపం ఆమె కళ్ళకి పొరలు కమ్మాయి. దగ్గరున్న మనిషిని గొంతుతోనూ, దూరాన ఉన్నవాణ్ణి నడకతోనూ పోల్చుకునేది. చదువు బొత్తిగా రాదు. నాకు మా ఊరి సన్యాసినులు అక్షరాలు నేర్పారు. నన్ను పిలిపించుకున్నది అందుకే, ప్రేమ పొంగి కాదు.

రాజు తల పోయి ఏడాది దాటింది. పారిస్‌లో ప్రతి ఇంటి తలుపు మీదా ఒక కాగితం అంటించాలని చట్టం. ఆ రాత్రి లోపల పడుకునే ప్రతి మనిషి పేరూ, వయసూ, పనీ అందులో ఉండాలి. ఒక్క పేరు తగ్గిందంటే కాపలాదారు దేశద్రోహిని దాచినట్టే. మా పేటలో దీనికి తోడు ఇంకో రెండు కట్టుబాట్లు ఉండేవి. వచ్చినవాళ్ళు తమ పేరు తమ నోటితోనే చెప్పాలి, విన్నది విన్నట్టు రాయాలి, రాశాకే లోపలికి పంపాలి. ఇక రాసినదాన్ని చెరపకూడదు. చెరిపిన చెయ్యి ఎవరిదో, తల కూడా వాళ్ళదే పోతుంది.

ఈ రెండూ పెట్టినవాడు మా ఇంటి రెండో అంతస్తులోనే ఉండేవాడు. పేట విప్లవ సంఘానికి అధ్యక్షుడు. ఆయన పేరు నేనిక్కడ రాయను. యాభై ఆరేళ్ళుగా ఎక్కడా రాయలేదు. అధ్యక్షుడు అనుకుందాం, చాలు.

ఆయన పారిస్‌కి వచ్చినప్పుడు కాళ్ళకి చెక్క చెప్పులు, వాటిలో గడ్డి, ఒంటి మీద ఒకే చొక్కా. పిల్లలకి పాఠాలు చెప్పుకునేవాడు. మాట్లాడటం మొదలుపెడితే మూడు గంటలు ఏకబిగిన సాగేది. పస్తులున్న తోళ్ళ కార్మికులు కడుపు నిండినట్టు త్రేన్చుతూ ఇళ్ళకి వెళ్ళేవాళ్ళు. ఒకసారి ఆయన్ని భుజాల మీద మోసుకుంటూ పేటంతా పదిహేడుసార్లు తిప్పారు. మోసినవాళ్ళకి వారం రోజులు మెడలు తిరగలేదు. అనాథలకి రొట్టె ఇప్పించాడు, పేదల బాడుగలు తగ్గించాడు. అది మాత్రం నిజం, అందులో నేను కలిపింది ఏమీ లేదు. రాత్రి భోజనం ఒక గిన్నెడు పాలు, నాలుగు ఉడికిన చెస్ట్‌నట్లు. పంజరంలో ఒక పసుపు పిట్ట. ఇంకే సుఖమూ ఎరగడు.

తరవాత సంతకాలు మొదలయ్యాయి. మొదట ఒక జమీందారుని పంపాడు గిలెటిన్ కత్తి కిందికి. ఎవరూ ఏడవలేదు. తరవాత ఒక ముసలి ప్రీస్టుని. ఆ తరవాత, రాజుగారి రోజుల్లో రొట్టె తెల్లగానైనా ఉండేదని క్యూలో అన్న, లేసు బాగు చేసే ఒక పిల్లని. ఒక్కో సంతకానికీ ఆయన ఇంకొంచెం భయస్తుడయ్యేవాడని మా పిన్ని అనేది. రాత్రిళ్ళు గదిలో అటూ ఇటూ తిరిగే అడుగులు ఆమె చెవిన పడేవి.

అప్పట్లో 'మీరు' అనడం నేరం. అందరూ పౌరులే, అందరికీ 'నువ్వు'. మా పిన్నికి నోరు తిరిగేది కాదు. ఆయన మెట్లు దిగితే, "మీ... నీ... పౌరా, మీ పాలు, కాదు, నీ పాలొచ్చాయి" అని చెమటలు కక్కేది. ఆయన ఒక్కసారీ నవ్వలేదు.

వానల నెల అని కొత్త పేరు పెట్టిన ఫిబ్రవరిలో ఒక సాయంత్రం. మధ్యాహ్నం దాటగానే ఏటి మీంచి పొగమంచు లేచింది. అలాంటి మంచు నేను మళ్ళీ చూడలేదు. చెయ్యి చాపితే వేళ్ళు ఇంకెవరివో అన్నట్టుండేది. పిన్ని పొద్దుననగా రొట్టె క్యూలోకి వెళ్ళింది, ఇంకా రాలేదు. నేను ఒక్కదాన్నే పొయ్యి ముందు కూర్చుని ఆ రాత్రి కాగితానికి గీతలు గీసుకుంటున్నాను. తలుపు మూసే లోపు దాన్ని అంటించాలి. ఇంట్లో అద్దెకున్నవాళ్ళ పేర్లు ఎక్కించాను. కింద సగం కాగితం ఖాళీ.

మా గదికి వీధి గుమ్మంలోకి ఒక చిన్న కిటికీ ఉండేది. మూరెడు వెడల్పు. బయట నిలబడినవాళ్ళు నడుం నుంచి భుజాల దాకానే కనిపిస్తారు. మొహం చూడాలంటే మెడ వంచి పైకి చూడాలి. రోజుకి పాతికమంది వస్తుంటే ఎవరు చూస్తారు? తల దించుకుని అడగడం, రాయడం, అంతే.

కిటికీ మీద ఎవరో వేలితో తట్టారు.

"పేరు?" అన్నాను, కలం ముంచుకుంటూ.

"ఆన్సెల్మ్ విత్రీ."

"వయసు?"

"యాభై రెండు."

"పని?"

"కొవ్వొత్తులు పోస్తాను." దిద్దుకుని, "పోసేవాణ్ణి."

"ఏ అంతస్తుకి?"

"రెండు. అధ్యక్షుడి గదికి."

అందులో వింత ఏమీ లేదు. వేరే పేటల సంఘాలవాళ్ళు అప్పుడప్పుడు వచ్చి ఆయన గదిలో నేల మీద పడుకునేవాళ్ళు.

"నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నావు?"

"మద్లేన్ దగ్గర. సున్నం గుంట పక్కన."

తాపీ పనివాళ్ళతో ఉన్నాడు కాబోలు అనుకున్నాను. "అక్కడ మంది ఎక్కువా?" అన్నాను, ఊరికే మాట కలుపుతూ.

"చాలామందిమి. ఇరుకు."

గొంతు మెత్తగా ఉంది. కానీ రావలసిన చోటు నుంచి రావడం లేదు. మోచేతి దగ్గర్నుంచి వస్తోంది. వంగి మాట్లాడుతున్నాడేమో అనుకున్నాను. అతని చొక్కాకి కాలరు లేదు. కత్తెరతో అడ్డదిడ్డంగా కోసేసి ఉంది. కాలర్లు కూడా అమ్ముకుంటున్నారా ఈ కరువులో అని జాలిపడ్డాను. రాసేశాను.

రెండోది ఒక ఆడపిల్ల. చేతులు కిటికీ గట్టు మీద పెట్టింది. వేళ్ళ చివర్లంతా సూది గుచ్చుకున్న మచ్చలు.

"క్లోతిల్ద్ రమో. ఇరవై మూడు. లేసు బాగు చేస్తాను. రెండో అంతస్తు." అడగకుండానే అంతా చెప్పేసింది. తరవాత, "లోపల పొయ్యి ఉందా?" అంది.

"ఉంది."

"అదృష్టవంతురాలివే."

ఆమె చొక్కాకీ కాలరు లేదు.

మూడోవాడు ముసలాయన. బ్రూనో లెకాన్, డెబ్బై ఒకటి. పని ఏమిటంటే, "ఇప్పుడేమీ లేదమ్మా" అన్నాడు. ఆ తరవాత ఒకళ్ళ వెనక ఒకళ్ళు. ఎవరూ తోసుకోలేదు. ఎవరూ దగ్గలేదు. నా కలం పరుగెడుతూనే ఉంది. పదకొండో పేరుతో కాగితం నిండింది. తలెత్తితే గుమ్మంలో మంచు తప్ప ఏమీ లేదు.

కాగితం తీసుకెళ్ళి వీధి తలుపుకి అంటించాను. వెనక్కి వస్తుంటే మెట్ల వైపు చూపు పడింది. మా మెట్లలో నాలుగోదానికి ఒక జబ్బు ఉండేది. పిల్లి ఎక్కినా మూలిగేది.

పదకొండుమంది పైకి వెళ్ళారు. అది ఒక్కసారీ మూలగలేదు.

చేతికి దొరికిన గుడ్డతో కిటికీ గట్టు తుడవడం మొదలుపెట్టాను. ఏదో ఒకటి చెయ్యాలిగా. గట్టు మీద తవుడు రాలి ఉంది. తడి తవుడు.

అప్పుడే పిన్ని వచ్చింది. ఒళ్ళో అర రొట్టె, ముక్కు చివర మంచు బొట్టు. గడప దగ్గరే ఆగిపోయింది.

"ఏమిటే ఈ వాసన?"

"తవుడు, పిన్నీ. ఎవరి బట్టల మీంచో రాలింది."

"ఎవరొచ్చారు?"

"అధ్యక్షుడి అతిథులు. పదకొండుమంది. అందర్నీ రాసేశాను, ఒక్క తప్పు లేదు." నాకింకా గర్వంగానే ఉంది. "కొవ్వొత్తులాయన ఆన్సెల్మ్ విత్రీ, లేసు పిల్ల క్లోతిల్ద్..."

పిన్ని చేతిలోంచి రొట్టె కింద పడింది. ఆ ఏడాది పారిస్‌లో రొట్టె కింద పడేసిన మనిషి ఆమె ఒక్కతే అయ్యుంటుంది.

"మళ్ళీ చెప్పు," అంది.

చెప్పాను. ప్రతి పేరుకీ ఆమె నా మణికట్టు ఇంకా గట్టిగా పట్టుకుంది. వేళ్ళ గుర్తులు నాకు నాలుగేళ్ళు పోలేదు.

"ఆన్సెల్మ్‌ని బండిలో తీసుకెళ్ళడం నేను విన్నానే. నువ్వు రాకముందు. బండి మన గుమ్మం ముందు ఆగింది. రెండో అంతస్తు కిటికీ వైపు అధ్యక్షుణ్ణి కేకేసి పిలిచాడు. కిటికీ తెరుచుకోలేదు."

"ఎవరో ఆ పేరు చెప్పుకుని..."

"చొక్కా ఎలా ఉంది?"

"కాలరు కోసేసి..."

పిన్ని నా నోటి మీద చెయ్యి వేసింది. "గిలెటిన్ ఎక్కించే ముందు కోస్తారు. కత్తికి అడ్డం రాకుండా. కింద పెట్టే బుట్టలో తవుడు పోస్తారు. తరవాత మద్లేన్ దగ్గర సున్నం గుంటలో పూడుస్తారు." ఇంకా మెల్లగా, "వాళ్ళ మొహాలు చూశావా?" అంది.

చూడలేదు. ఆ కిటికీలోంచి మెడ పక్కకి వంచితే కనిపించి ఉండేవి. పైన కాదు... మోచేతి దగ్గర, చంకలో.

అప్పుడు మూలిగింది, నాలుగో మెట్టు.

అడుగులు ఒక్కొక్కటే దిగాయి. పిన్ని తల వంచి విని, "ఆయనే," అంది.

అధ్యక్షుడు మా గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో కొవ్వొత్తి. మైనం కరిగి వేళ్ళ మీద పడుతోంది. ఆయనకి తెలియడం లేదు.

"పెత్రొనీల్, నా గదికి ఎవర్ని పంపావు?"

"ఎవరున్నారు పౌరా లోపల?"

"ఎవరూ లేరు. పిట్ట పాడటం లేదు. కుర్చీలన్నీ నా బల్ల వైపు తిరిగి ఉన్నాయి. నేను మళ్ళీ సర్దాను. కాగితాల మీంచి తలెత్తేసరికి మళ్ళీ తిరిగి ఉన్నాయి... ఇంకొంచెం దగ్గరగా."

పిన్ని వీధి తలుపు వైపు చెయ్యి చూపింది.

ఆయన బయటికి వెళ్ళి కొవ్వొత్తి ఎత్తి చదివాడు. ఆయన వెనకే మేమూ. మంచులో ఆ వెలుతురు అరచేతి మేర కూడా పారలేదు. పెదాలు కదుపుతూ ఒక్కో పేరూ చదివాడు. ఆ పదకొండు పేర్లూ అంతకు ముందు ఆయన రాసినవే, ఇంకో కాగితం మీద.

"ఆన్సెల్మ్," అన్నాడు, నాతో కాదు, ఎవరితోనూ కాదు. "ఈ ఊరొచ్చిన కొత్తలో ఇతను నాకు కొవ్వొత్తి ముక్కలిచ్చేవాడు. చదువుకోమని. ఇక చాలు ఆపరా అన్నాడు ఒకరోజు... అంతే అన్నాడు." తరవాత నా వైపు తిరిగాడు. "చెరిపెయ్."

"చెరిపితే తల పోతుందని నువ్వే కదా పౌరా అంటించావు," అంది పిన్ని. మొదటిసారి 'నువ్వు' తడబడకుండా వచ్చింది ఆమెకి.

పైన, రెండో అంతస్తు కిటికీ తెరుచుకుంది. దానంతటదే. ఎవరూ తొంగి చూడలేదు.

ఆయన జేబులోంచి కలం చెక్కుకునే చాకు తీశాడు. తలుపు మీద కాగితం గీకడం మొదలుపెట్టాడు. గోళ్ళతో గీకాడు, చాకుతో గీకాడు. ఏడో పేరు దాకా వచ్చాడు. అందుకే మంచులోంచి వస్తున్న బూట్ల చప్పుడు ఆయన వినలేదు. పిన్ని వింది. కానీ చెప్పలేదు.

"ఏం పౌరా, చలికి చేతులు కాచుకుంటున్నావా, తలుపు గీకుతూ?"

కమిషనర్ మాలివో. చిట్టాలు తనిఖీ చేసే మనిషి. అధ్యక్షుడి కుర్చీ మీద కన్నేసి ఏడాది కావస్తోంది. కళ్ళు నొప్పెట్టి ఉంటాయి పాపం. వెనక నలుగురు ఈటెలతో. మాలివో లాంతరు కాగితానికి ఆనించి మిగిలిన నాలుగు పేర్లు చదివాడు, గీకిన వాటి గుర్తులు కూడబలుక్కున్నాడు. నవ్వు మాయమైంది.

"చచ్చినవాళ్ళకి నీ గదిలో బస ఇచ్చావా? లేక దేశం ఇచ్చిన తీర్పుని ఎగతాళి చేస్తున్నావా?" తరవాత లాంతరు నా మొహం మీద పెట్టాడు. "ఈ రాత ఎవరిది?"

"నాది."

"ఎవరు చెబితే రాశావు?"

ఇక్కడ నేనేమీ పెంచి చెప్పను. పెంచవలసిన పని లేదు. వాళ్ళే వచ్చి చెప్పారంటే, మాలివో నన్నూ బండెక్కిస్తాడు. ఎవరూ చెప్పలేదంటే, దొంగ చిట్టా రాసినందుకు మా పిన్నీ నేనూ ఇద్దరం ఎక్కుతాం. పిన్ని చెయ్యి నా వీపు మీద ఉంది. ఆ చేతిలో ఆమె తల బరువు నాకు తెలిసింది.

వేలు చాపాను. అధ్యక్షుడి వైపు.

"ఈయనే చెప్పి రాయించాడు."

ఆయన కాదనలేదు. ఆ పేటలో ఆయన మాటకి అడ్డు పడగల గొంతు లేదు. అలాంటివాడు నోరు తెరవలేదు. ఈటెలవాళ్ళు రెండు చేతులూ పట్టుకున్నారు. వెళ్ళబోతూ నా ముందు ఆగాడు. కళ్ళలో కోపం ఉంటే బాగుండేది. బడిలో కొత్త పిల్ల చేరితే చూస్తారే, అలా చూశాడు.

"నీ పేరేమిటమ్మా? ఎప్పుడూ అడగలేదు."

"తియెనెత్."

"ఏ అంతస్తు?"

"కింద."

"కింది అంతస్తు," అన్నాడు, పాఠం వల్లె వేస్తున్నట్టు. "గుర్తుంటుంది."

ఆరు రోజులకి విచారణ. ఏడో రోజు బండి మా వీధి మీదుగానే వెళ్ళింది. ఆయన్ని భుజాలకెత్తుకున్నవాళ్ళే ఉమ్మేశారు. నేను కిటికీ పలక దించేసి పొయ్యి వెనక దాక్కున్నాను. బండి మా గుమ్మం ముందు ఆగింది. ఎవరూ పిలవలేదు. చాలాసేపు ఆగి, కదిలింది.

ఆ సాయంత్రం కాగితానికి గీతలు గీస్తున్నాను. మంచు లేదు. పిన్ని పక్కనే ఉంది.

కిటికీ మీద వేలి తట్టు.

అలవాటు ఎంత చెడ్డదో చూడండి. తల దించుకునే, "పేరు?" అన్నాను.

చెప్పాడు. వయసు చెప్పాడు, నలభై ఒకటి. పని చెప్పాడు, పిల్లలకి అక్షరాలు నేర్పుతాను అని. గొంతు మోచేతి దగ్గర్నుంచి వచ్చింది.

నా నోరు నా మాట వినలేదు. "ఏ అంతస్తుకి?" అని అడిగేసింది.

"కింది అంతస్తు."

పిన్ని నా చేతిలో కలం విరిచి పొయ్యిలో పడేసింది. రెప్ప కొట్టకుండా తెల్లారేదాకా కూర్చున్నాం. ఆయన లోపలికి రాలేదు. ఆయన పెట్టిన కట్టుబాటు ఆయనకి తెలుసు. రాస్తేనే లోపలికి. రాయలేదు. అందుకే రాలేదు.

తరవాత రువాఁ పట్నం వచ్చేశాను. పెళ్ళయింది, పిల్లలు, మనవలు. ఎనిమిది ఇళ్ళు మారాను. అన్నిట్లో కింది అంతస్తే దొరికింది. ఏ ఇంట్లో అయినా చీకటి పడే వేళ, ఏదో ఒక కిటికీ మీద వేలితో తడతాడు. ఓపికగా, మర్యాదగా, పేరూ వయసూ చెప్పి ఊరుకుంటాడు. యాభై ఆరేళ్ళు. పేరు రాయనంతవరకు నాకేం భయం లేదని, ముసలిదాన్నయ్యాక కాస్త ధైర్యం వచ్చి, ఈ కథ రాశాను. పిన్నికిలాగే నాకూ ఇప్పుడు కళ్ళు సరిగా ఆనడం లేదు. అందుకని రాసినంత వరకు మనవరాలు ఫ్లావీ చేత చదివించుకున్నాను.

అది చదువుతూ పడీపడీ నవ్వింది. పిచ్చుకల దగ్గర మరీ నవ్వింది. చివరికొచ్చి ఆగింది.

"అమ్మమ్మా, ఆయన పేరు రాయనన్నావుగా. మరి ఇక్కడ ఉందేం?"

"ఎక్కడ?"

"మొదటి కాగితం మీద, అన్నిటికంటే కింద. పేరు, నలభై ఒకటి, బడి పంతులు, కింది అంతస్తు." కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. "నీ చేతిరాతే."

నేను దాని చేతిలోంచి కాగితం లాక్కోబోయాను. వేళ్ళకి ఏదో గరగరలాడుతూ తగిలింది. ఆ గదిలో తవుడు వాసన వేస్తోంది. ఫ్లావీ నా భుజం మీంచి వెనక్కి చూస్తోంది, నా కుర్చీ వెనక్కి. పైకి కాదు... మోచేతి ఎత్తున.

"అమ్మమ్మా," అంది మెల్లగా, "ఈయనకి కుర్చీ వెయ్యనా?"